పెద్దమ్మకి నటన నేర్పినవాడు

ఏడంతస్తుల అపార్టుమెంటు ఎదురుగా ఉన్న టీ కొట్టులో శనివారం మధ్యాహ్నాలు ఒక అలవాటు నడుస్తోంది. ఆ వారం చూసిన సినిమా గానీ, చదివిన పుస్తకం గానీ, ఆడిన గేమ్ గానీ, విన్న పాట గానీ, ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు. చెప్పినవాళ్లు ఆ పూట గ్లాసులన్నీ కడగాలి. కొట్టు నడిపే ఆవిడను చిన్నా పెద్దా అందరూ వదినా అనే పిలుస్తారు. ఈ నియమం ఆవిడ పెట్టిందే.

ఈ శనివారం మాటలకు మరో పని కూడా పడింది. ఊళ్లోని చిన్న రేడియో స్టేషన్ వాళ్లు వదినకు ఫోన్ చేశారు. ఈ ఏడాది తనకు నచ్చినవాటి గురించి అరగంట మాట్లాడటానికి కొట్టు తరఫున ఒకరిని పంపమన్నారు. కార్యక్రమం రేపు పొద్దున. ఎవరు వస్తున్నారో ఈ సాయంత్రంలోగా వదిన చెప్పాలి.

పక్క గదిలో బట్టలు కుట్టే అక్కయ్యను పంపుదామని రిటైరైన పోస్టుమాస్టరు అన్నాడు. అక్కయ్య అక్కడే కూర్చుని ఉంది. ఒళ్లో ఉన్న చొక్కాకు కాజాలు కుట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడు అపార్టుమెంటు లిఫ్టు మెకానిక్ రోడ్డు దాటి వచ్చి, బెంచీ మధ్యలో కూర్చున్నాడు. కార్ఖానా సరుకు తోలే వ్యాను డ్రైవరు అతనికి చోటివ్వడానికి ఓ చివరికి జరిగాడు.

"పేరు పంపేశావా వదినా?"

"ఇంకా లేదు."

"పంపెయ్. నేను మా ఆవిడకు చెప్పేశాను. తను వాళ్ల అన్నయ్యకి చెప్పేసింది. ఆయన రేపు పొద్దున ఇంట్లో అందరినీ రేడియో ముందు కూర్చోబెడతానన్నాడట. ఆయన సంగతి నీకు తెలుసు కదా, నా పెళ్లినాటి నుంచీ నన్ను మనిషి కింద లెక్కేసింది లేదు."

"ఎవర్నడిగి చెప్పావు బాబాయ్?" అన్నాడు డ్రైవరు.

"అడిగేదేముంది అబ్బాయ్? ఈ కొట్లో ఇంకెవరున్నారు? నేనేమీ గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే తేల్చండి."

వదిన అతని ముందు టీ గ్లాసు పెట్టింది. పోస్టుమాస్టరు చదువుతున్న నవలలో వేలు ఉంచి మూశాడు.

"ముందు పాట దగ్గర్నుంచి మొదలుపెడతాను. ఈ ఏడాది ఎక్కడ చూసినా చినుకుల పాటే కదా, ఫోన్లలో అదే, బస్సుల్లో అదే. ఆ పాట వెనకాల టక్, టకటక్ అని ఒక దరువు పడుతూ ఉంటుంది. అది ఎక్కడిదనుకున్నారు? మన లిఫ్టుది. ఐదో అంతస్తులో వాళ్లింటికి ఓ సంగీత దర్శకుడు భోజనానికి వచ్చాడు, పైకెళ్తుంటే నాలుక్కీ ఐదుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. నేను పైనుంచి తాళం తీసి, చేత్తో తిప్పి, మెల్లగా ఐదులోకి తెచ్చి నిలబెట్టాను. అంతే. అది నా ఉద్యోగం, దాన్ని నేను గొప్పని అనను."

"అన్లేదులే," అన్నాడు డ్రైవరు.

"కానీ తలుపు తీస్తే ఆయన బయటికి రావడం లేదు. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. 'అయ్యా, ఆ చప్పుడు మళ్లీ చెయ్యండి' అంటాడు. పైన ఉన్న రిలే పెట్టెలో స్విచ్చులు పడే చప్పుడది, మనకి రోజూ ఉండేదే. సరేనని స్పానరు తీసుకుని గోడమీద నేనే కొట్టి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అటునుంచి అటే స్టూడియోకి తీసుకెళ్లిపోయాడు. అక్కడ వయొలిన్ల వాళ్లు, వేణువుల వాళ్లు ఒక హాలు నిండా ఉన్నారు. నేను ఇనప కడ్డీ మీద స్పానరుతో ఒక్క దరువు వేశానా, అందరూ వాయించడం ఆపేసి వాద్యాలు కింద పెట్టేశారు. డ్రమ్ములు వాయించేవాడైతే లేచి నాకు దణ్ణం పెట్టి, ఇక ఈ వృత్తి నాకొద్దన్నాడు. ఇప్పుడు మేకులూ బోల్టులూ అమ్ముకుంటున్నాడు. నేను అక్కడే కొంటాను."

"ధర కాస్త తగ్గించి ఇస్తాడా?" అన్నాడు డ్రైవరు.

"గురువు దగ్గర లాభం తీసుకుంటాడా ఎవడైనా? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పాట ఏ సినిమాలోదో ఆ సినిమా దర్శకుడు మర్నాడు మా డ్యూటీ గదికి వచ్చేశాడు. ఉప్పు పడవ సినిమా. చూశారు కదా అందరూ?"

చూశామన్నారు. అక్కయ్య సూది ఆపకుండానే తల ఊపింది.

"చివర్లో పడవ మునగాలి. సముద్రం మధ్యకి తీసుకెళ్లి ముంచేశారు. కానీ దర్శకుడికి రాత్రికి రాత్రే మనసు మారింది, పడవ తేలితే బాగుంటుందనిపించింది. అప్పటికే అది అడుగుకి పోయింది, కెమెరా అందులోనే ఉంది, హీరో కూడా అందులోనే ఉన్నాడు."

"హీరోనా?"

"ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాడు పాపం, కట్ చెప్పలేదుగా ఎవరూ. నేనన్నాను, అయ్యా, లిఫ్టు పైకి రావడానికి మోటారు బలం ఒక్కటే చాలదు, అవతల సమానంగా ఓ బరువు దిమ్మ దిగాలి అని. ఒడ్డున ఓ కొండ ఉంది. దాని నడుముకి వైరు తాడు చుట్టి, రెండో కొస పడవకి కట్టించి, కొండని కాస్త ముందుకు తోశాను. కొండ ఇటు దిగింది, పడవ అటు లేచింది. నీళ్లు కారుతూ హీరో నిలబడి డైలాగు చెప్పేశాడు. సముద్రం ఓ జానెడు తగ్గిపోతే, ఆ గట్టున ఉన్నవాళ్లు వారం రోజులు చేపలు ఏరుకున్నారు."

"సినిమాలో పడవ లేస్తుందా?" పోస్టుమాస్టరు అడిగాడు. "నేను సగంలో లేచి వచ్చేశాను."

"మాస్టారూ, ముగింపు చెప్పకూడదు. నియమం నియమమే." మెకానిక్ వదిన వైపు చూశాడు. వదిన గ్లాసులు తొలుస్తోంది.

"అక్కడితో ఊరుకున్నారా? గేముల కంపెనీ వాళ్లకి ఈ సంగతి తెలిసిపోయింది. పాతాళ రైలు అని పిల్లలందరూ ఫోన్లు అరచేతికి అంటించుకుని ఆడుతున్నారే, అది. దాంట్లో ఆఖరి మెట్టు ఎవరూ దాటలేదు, తయారుచేసినవాళ్లు కూడా దాటలేదు. నన్ను ఓ చల్లటి గదిలో కూర్చోబెట్టి మీట చేతికిచ్చారు. చూద్దును కదా, అది రైలేమిటి, నిలువుగా దిగుతోంది. నిలువుగా దిగేదాన్ని రైలంటారా ఎక్కడైనా? అది లిఫ్టు. లిఫ్టు అన్నాక నాకు చెప్పాలా? తెర పక్కన ఓ సందు కనపడింది, తాళం చెవి పెట్టి తెరిచి లోపలికి దిగాను."

"తెరలోకా?"

"తెరలోకి. యూనిఫాం మీద ఇప్పటికీ ఆ మసి వదల్లేదు, చూడు." మోచేతి దగ్గరి నల్ల మరక చూపించాడు. "అడుగున రాక్షసుడు కూర్చున్నాడు, పదిమంది మనుషుల ఎత్తు. నన్ను చూసి లేచాడు. నేను బెదరలేదు. 'నీకు లైసెన్సుందా? ఈ గొయ్యికి ఆఖరుసారి తనిఖీ ఎప్పుడైంది?' అని అడిగాను. నీళ్లు నమిలాడు. 'చూడు, తాడు అరిగింది, బ్రేకు పట్టడం లేదు, నువ్వేమో పిల్లల్ని ఇందులో తిప్పుతున్నావు' అని చీవాట్లు పెట్టాను. కూర్చుని ఏడ్చాడు. ఇప్పుడు ఆ మెట్టు దాకా వెళ్తే వాడు పక్కకి తప్పుకుని దారి ఇస్తాడు."

"మా మేనల్లుణ్ణి నిన్న కూడా చంపేశాడే," అన్నాడు డ్రైవరు.

"నా పేరు చెప్పి ఉండడు."

పోస్టుమాస్టరు మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతని మోకాలి మీద ఉన్న నవల మెకానిక్ కంట పడింది.

"అదిగో, మీ చేతిలో ఉన్నది కూడా. 'ఎండకి గొడుగు కట్టినవాడు' నవల. బాగుందా?"

"చాలా బాగుంది. ఈ ఏడాది ఇంతకంటే మంచిది చదవలేదు."

"బాగుండకేం. మొదట్లో అది కదలాడేది. రాసినాయన ఆ కాగితాల కట్ట పట్టుకుని మా ఏడో అంతస్తుకి వస్తూ లిఫ్టులో నా చేతికిచ్చాడు. నేను చదవలేదు మాస్టారూ, అబద్ధమెందుకు, ఊరికే పట్టుకుని ఊపి చూశాను. మధ్యలో ఓ అధ్యాయం వదులుగా ఉంది, గలగలమంటోంది. దాన్ని బిగించమన్నాను. బిగించాడు. ఇప్పుడు ఊపండి, చప్పుడు వస్తుందేమో."

పోస్టుమాస్టరు పుస్తకాన్ని చెవి దగ్గర పెట్టుకుని నిజంగానే ఊపాడు. "రావడం లేదు," అని ఒప్పుకున్నాడు.

"ఇంత చేసి నేను ఎక్కడైనా నోరెత్తానా? ఎత్తలేదు. కానీ రేడియోవాళ్లు అడిగేది ఇవేవీ కావు. జనానికి కావలసింది సీరియలు. 'నీడకి తాళం'. ఔనా కాదా?"

వదిన చేతిలోని టీ జల్లెడ గిన్నె మీదే ఆగింది. రోజూ ఆ సీరియలు మొదలయ్యే వేళకి ఆవిడ కొట్టు మూసి, అక్కయ్య గదికి వెళ్తుంది. అక్కయ్య కుట్టుమిషను ఎదురుగా టీవీ ఉంటుంది. ఆ వేళకి డ్రైవరు వ్యాను తోలుతుంటాడు. పోస్టుమాస్టరు సీరియళ్లు చూడనని ఒట్టుపెట్టుకున్న మనిషి.

"నువ్వు ఆ టైముకి డ్యూటీలో ఉంటావుగా తమ్ముడూ?" అక్కయ్య మొదటిసారి మాట్లాడింది.

"ఉంటాను అక్కయ్యా, అందుకే నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మీరు ఒక టీవీలో చూస్తారు. నేను లిఫ్టు పైకెక్కి గ్రీజు పెట్టే వేళ అదే. ఏడంతస్తుల్లోనూ ఏడు టీవీలు పెడతారు, అన్ని ఇళ్ల తలుపులూ లిఫ్టు వైపే. ఆ గూట్లోకి మాటలన్నీ కలిసి దిగుతాయి. ఒక్క డైలాగు జారిపోదు. రెండో అంతస్తులో చెవిటి తాతగారున్నారు, ఆయన పెట్టే మోతకి ఊపిరి పీల్చడం కూడా వినపడుతుంది."

"చెప్పు, చెప్పు," అంది అక్కయ్య. దారం కొస పళ్లతో తెంపి, సూదిని బొత్తాం పట్టీకి గుచ్చింది.

"ఆ సీరియల్లో అందరికంటే బాగా చేసేది ఎవరు? అన్నదమ్ములా? కాదు. ఆ వకీలా? కాదు. పెద్దమ్మ. ఔనా?"

"పెద్దమ్మే," అంది వదిన. తర్వాత అక్కయ్య వైపు చూసింది. అక్కయ్య తల చిన్నగా అడ్డంగా ఊపింది.

"ఆ పెద్దమ్మకి నటన నేర్పింది ఎవరనుకున్నారు?"

"నువ్వేనా?" అన్నాడు డ్రైవరు.

"నేను చెప్పుకోను. ఆవిడే చెప్తుంది, అడగండి. ఏమైందంటే, సీరియలు మొదట్లో ఆవిడ మానేస్తానంది. పెద్ద వయసు, పేజీల కొద్దీ డైలాగులు, గుర్తుండటం లేదు. నా గురించి విని ఓ సాయంత్రం కారు దిగి మన అపార్టుమెంటుకి వచ్చింది. నేను ఎదురెళ్లి లిఫ్టు దాకా తీసుకొచ్చాను. బంగారు రంగు కళ్లజోడు, పట్టు చీర, తెల్లటి జుట్టు ముడి, నడకలో అదో ఠీవి. బొత్తాం తనే నొక్కింది, ఈ చూపుడు వేలితో. అప్పుడు ఏమన్నానో తెలుసా?"

"ఏమన్నావు?" అంది అక్కయ్య.

"'అమ్మా, మీకు పేజీలు ఎందుకు? లిఫ్టు ఎన్ని మాటలంటుంది? తలుపు వెయ్యండి. అంతే కదా. ఏడంతస్తులవాళ్లూ దాని మాట వింటారు. మీరు కూడా అలాగే ఒకటీ రెండూ మాటలు పట్టుకోండి' అన్నాను. పట్టుకుంది. ఇవాళ ఆ ఇంట్లో ఎవరు ఎంత అరుచుకున్నా ఆవిడ అనేది మూడే. 'ఎవరూ?' 'తలుపు వెయ్యి.' 'నాకంతా తెలుసు.' రెండేసి సార్లు అంటుంది, గమనించారా? ఆ రెండుసార్లు అనమన్నది కూడా నేనే. మొదటిది ఎదుటివాడి చెవికి, రెండోది వాడి గుండెకి."

"బాగా చెప్పావు బాబాయ్," అన్నాడు డ్రైవరు. ఆ మాటలో వెటకారం లేదు.

"ఇంతకీ ఆవిడ తిండి ఏమిటనుకున్నారు, అంత పెద్ద నటి? ఓ జామకాయ ముక్క, ఓ పచ్చిమిరపకాయ. అంతే. 'పెద్దమ్మకి జామకాయ పెట్టారా' అని సీరియల్లో కోడలు రోజూ అడుగుతుందే, అది కథ కాదు, నిజంగానే ఆవిడ అలవాటు. మా డ్యూటీ గదిలో స్టూలు వేసి కూర్చోబెట్టి నేనే కోసి పెట్టాను. మిరపకాయ తొడిమ కూడా వదల్లేదు. తిని, నా చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుని, కళ్లనీళ్లు పెట్టుకుంది. 'నాకు కొడుకులు లేరు, ఆ సీరియల్లో ఉన్నవాళ్లు వట్టి వేషాలు, నువ్వే నా కొడుకువి' అంది."

"కొడుకువందా?" అంది వదిన. ఆవిడ గొంతు కాస్త వణికింది. మెకానిక్ దాన్ని ఆర్ద్రత అనుకున్నాడు.

"అంది వదినా. నాతో పాటు పైకీ కిందికీ తిరగాలని సరదా పడింది. ఏడో అంతస్తు దాటింది లిఫ్టు. నేను ఆపలేదు, ఆవిడ సంతోషం చూసి. పైకప్పు దాటాం, మబ్బులు దాటాం, కింద ఊరు నీ బొత్తామంత అయింది అక్కయ్యా. ఆవిడ తలుపు పట్టుకుని తొంగి చూసి, 'ఇంత ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు నాయనా, నాకు ఎత్తంటే భయం' అంది. భయపడకమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. రేపు రేడియోలో ఇదే చెప్తాను. వింటే ఆవిడే ఫోన్ చేస్తుంది స్టేషనుకి. అప్పుడు తెలుస్తుంది మా బావగారికి."

టీ చల్లారిపోయింది. అతను దాన్ని ఒక్క గుక్కలో తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "పేరు పంపు వదినా," అన్నాడు.

"ఒక్కటి అడుగుతాను తమ్ముడూ," అంది అక్కయ్య. "ఎత్తంటే భయమందా?"

"గడగడా వణికింది."

"చేతులు రెండూ పట్టుకుందా?"

"ఇదిగో, ఇలా."

అక్కయ్య చొక్కా మడిచి పక్కన పెట్టుకుంది.

"పెద్దమ్మ చిలక తమ్ముడూ."

డ్రైవరు ఆమె వైపు తిరిగాడు, తర్వాత వదిన వైపు తిరిగాడు. వదిన అవునన్నట్టు కళ్లతో చెప్పింది. మెకానిక్ మోచెయ్యి మీది మరకను బొటనవేలితో రుద్దుకుంటున్నాడు.

"ఆ ఇంటి పెద్దావిడ పెంచిన చిలక," అక్కయ్య మామూలుగానే చెప్పుకుపోయింది. "ఆవిడ పోయాక గొంతు అచ్చం ఆవిడలాగే ఉందని ఇంటిల్లిపాదీ దాన్ని పెద్దమ్మ అంటారు. వంటింటి కిటికీకి పంజరం వేలాడుతూ ఉంటుంది. అన్నదమ్ములు రహస్యాలన్నీ దాని ముందే మాట్లాడుకుంటారు, అదే కథ. నువ్వు వినడం బాగానే విన్నావు, మూడు మాటలూ సరిగ్గా అవే."

పోస్టుమాస్టరు నవలను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, కింద పెట్టేశాడు. డ్రైవరు బెంచీ చివర ఒరిగిపోయి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "మిరపకాయ తొడిమ కూడా," అని ఒకసారి అని, మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు.

మెకానిక్ కాసేపు ఎదురుగా ఉన్న అపార్టుమెంటును చూశాడు.

"గుట్టు విప్పేశావు అక్కయ్యా," అన్నాడు చివరికి. "గ్లాసులు నువ్వే కడగాలి."

"అది మొదటి రోజే చూపించారు," అంది వదిన. "ముగింపు కాదు."

అతను తల ఊపాడు. పక్కకి వంగి, అక్కయ్యకి మాత్రమే వినపడేంత మెల్లగా అడిగాడు.

"ఏ రంగు?"

"ఆకుపచ్చే. మెడకి ఎర్రటి చార ఉంటుంది."

"పెద్దదేనా?"

"జానెడుంటుంది."

అతను ఎడం చెయ్యి జానెడు చాపి, దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు. వదిన చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. అవతలివాళ్లు ఎత్తాక, "మా పక్క గదిలో బట్టలు కుట్టే అక్కయ్య వస్తుంది. అవును, ఆడమనిషే. అన్నీ చూసే చెప్తుంది," అని పెట్టేసింది.

"ఇప్పుడు మీ బావగారి సంగతేంటి బాబాయ్?" అన్నాడు డ్రైవరు, నవ్వు ఆపుకుంటూ. "రేపు పొద్దున ఇంటిల్లిపాదీ కూర్చుని వింటారుగా."

మెకానిక్ లేచాడు. డ్యూటీకి వేళవుతోంది. నడుముకున్న తాళాల గుత్తి సర్దుకుని రోడ్డు మీద వచ్చే బండ్లను అటూ ఇటూ చూసుకున్నాడు.

"వింటే విననీ," అన్నాడు. "రేడియోలో నా గొంతు కాస్త సన్నగా వస్తుందని చెప్తాను."